తొమ్మిది చుక్కలు

తాండూరులో బండల లారీకి కొలత చూస్తుండగా ఆమె పోయిందని తెలిసింది. లారీ డ్రైవరు చెప్పాడు.

"కోర్టుల స్టెనో మేడం లేదా సార్, సంచి ఏసుకొని రోజు రైలుకు పోతుండె. మొన్న పోయిందట. నిన్న మట్టి జేసిన్రు."

అతను ఇంకేదో చెబుతున్నాడు. నేను టేపు రెండో కొస పట్టుకున్న మనిషితో "లాగు" అన్నాను. కొలత పైకి చదివాను. మరో బండ, మరో కొలత. ఆ లారీ నిండేదాకా అక్కడి నుంచి కదల్లేదు. మా బండల పాలిష్ యూనిట్‌లో నన్ను మేనేజర్ అంటారు. నా పని బండలు కొలవడం.

చావు పలకరింపులకు స్వయంగా వెళ్లే అలవాటు మా ఇంట్లో లేదు. మనిషిని పంపేవాళ్లం. మా తాత ఎవరింటి గడపా తొక్కలేదని ఊళ్లో చెప్పుకునేవారు. మేమూ దాన్ని గొప్పగానే వినేవాళ్లం. ఇప్పుడు పంపడానికి నాకు మనిషి లేడు. ఉన్నా, ఇది ఒకరిని పంపి ఊరుకోదగిన చావు కాదు. రెండు రోజులు నాతో నేను వాదించుకుని మూడోనాడు వెళ్లాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. తన పేరు కాగితం మీద కనిపించడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. "సాక్షి పేరుంటది, జడ్జిగారి సంతకం ఉంటది. నడిమిట్ల నాదెందుకు" అనేది. తాండూరు నుంచి పొద్దున రైల్లో వికారాబాద్ వెళ్లి, సాయంత్రం రైల్లో తిరిగి వచ్చేది. అక్కడి కోర్టులో స్టెనోగ్రాఫర్. జడ్జి చెప్పే మాటలను పొట్టి గీతలుగా రాసుకుని, ఆ గీతలను మళ్లీ మాటలుగా టైపు చేయడం ఆమె పని. తల నెరిసేదాకా ఆ ఒక్క పనే చేసింది.

ఆమె తల్లి మా పొలాల్లో కలుపు తీసేది. ఇది చెప్పకుండా మిగతాది చెప్పలేను. మా ఊరు నవాబుపేట మండలంలో ఉంది. ఆ కలుపు కూలీ బిడ్డ వికారాబాద్‌లో మిషన్ హాస్టల్లో ఉండి చదివి, టైపు నేర్చి, షార్ట్‌హ్యాండ్ నేర్చి, కోర్టులో కుర్చీ సంపాదించిందని మాకు తెలిసేసరికి మా ఇంట్లో కుర్చీలు ఒకటొకటిగా బయటికి పోతున్నాయి. చెక్కుడు పని ఉన్న మా పెద్ద తలుపులు ఇప్పుడు నగరంలో ఏదో హోటల్ గుమ్మానికి ఉన్నాయని విన్నాను. చూడటానికి వెళ్లలేదు.

నేను పని కోసం తాండూరు చేరిన కొత్తలో, మొదటిసారి రైల్లో ఎదురైనప్పుడు ఆమె నన్ను "సార్" అంది. ఆమె తల్లి మా నాయనను "దొరా" అనేది, నన్ను "చిన్నదొరా" అనేది. సార్ అని మండలాఫీసులో అటెండరును కూడా అంటారు. నాకు గుచ్చుకుంది. తల్లి పేరు చెప్పి, "నువ్వు ఆమె బిడ్డవే గదా" అన్నాను.

"అవును సార్. కూసోండ్రి, జాగ ఉంది" అని పక్కనున్న టిఫిన్ సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

నేను కూర్చోలేదు. ధారూరులో సగం పెట్టె ఖాళీ అయ్యాక కూడా నిలబడే ఉన్నాను. ఆమె రెండోసారి కూర్చోమనలేదు. నేను పట్టుదలతో నిలబడ్డానని ఆమెకు అర్థమైంది. అలా నిలబడే హక్కు నాకుందని కూడా ఒప్పుకున్నట్టు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అప్పటి నుంచి నాకు వాయిదా ఉన్న రోజుల్లో అదే రైలు, అదే పెట్టె. వాయిదాల సంగతి తరవాత చెబుతాను. ముందు ఆమె వేలి సంగతి చెప్పాలి.

రైల్లో ఎవరు మాట్లాడుతున్నా ఆమె కుడిచేతి చూపుడు వేలు టిఫిన్ సంచి మీద కదులుతుండేది. చిన్న వంపు, ఒక అడ్డగీత, ఒక కొక్కెం. ఎదుటివాళ్లు అత్తాకోడళ్ల గొడవ చెప్పుకుంటున్నా, కంది ధర గురించి తగువు పడుతున్నా ఆ వేలు అన్నీ రాసేది. ఆమెకు తెలియకుండానే రాసేది. ఒకసారి పల్లీలమ్మే అతను అది కనిపెట్టాడు.

"ఏంది మేడం, నా మాట గూడ రాస్తున్నవా?"

"రాస్తున్న. తాజా పల్లీలు అన్నవు గదా."

"తాజాయే మేడం."

"మొన్నటియని నాకు ఎరుకే. అయినా నేను గట్ల రాయ. నువ్వు తాజా అన్నవు, తాజా అనే రాస్త."

పెట్టె అంతా నవ్వింది. అతను సిగ్గుపడి ఆమె చేతిలో ఇంకో గుప్పెడు పోశాడు. "గివ్వి నిజంగ ఇయ్యాల్టియి" అన్నాడు. ఆ వేలు అదీ రాసింది.

కోర్టులో ఆమె బల్ల మీద ఎప్పుడూ మూడు పెన్సిళ్లు ఉండేవి. బ్లేడుతో చెక్కుకునేది. చెక్కిన పొట్టు కాగితంలో మడిచి తనే చెత్తబుట్టలో వేసేది. పుస్తకానికి ఒక ఎర్ర రబ్బరు, నిన్న ఆగిన పేజీ దొరకడానికి. సాక్ష్యాన్ని నేరుగా కంప్యూటర్‌లో కొట్టే రోజులు వచ్చాయి. అయినా ఆమె పెన్సిల్ మానలేదు. "కరెంటు పోతే మాట గూడ పోవాల్నా" అనేది. అన్నట్టే వారానికి రెండుసార్లు కరెంటు పోయేది. అప్పుడు అందరూ ఆగిపోయి ఆమె వైపు చూసేవారు.

ఆమె పనిలో రాయడం ఒక సగం. చదివి వినిపించడం రెండో సగం. సాక్షి చెప్పింది అంతా టైపు అయ్యాక, అతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. సాక్షి సరే అంటే, అడుగున 'చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నాను' అనే అర్థం వచ్చే ఒక వాక్యం ఉంటుంది, దాని కింద సంతకం పెట్టాలి. చాలాచోట్ల ఆ చదవడం గడగడా అయిపోతుంది. సాక్షి బస్సు అందుకోవాలి, చదివేవాళ్లకు ఇంకో సాక్షి ఉంటాడు. ఆమె మాత్రం చిన్నపిల్లలకు అన్నం తినిపించినట్టు చదివేది.

ఒకరోజు నా కేసు పిలిచేదాకా కూర్చుని చూశాను. గాజులమ్మే ముసలామె, ఏదో కొట్లాట కేసులో సాక్షి. ఆమెకు దక్కనీ తప్ప రాదు. రెండు వాక్యాలు చదవగానే ముసలామె తల ఊపడం మొదలుపెట్టింది.

"హౌ మా, హౌ. బరాబర్ హై. అంగూఠా కిధర్ మార్నా?" అవునమ్మా, సరిగ్గా ఉంది, వేలిముద్ర ఎక్కడ వేయాలి అని.

"అంగూఠా బాద్ మే, అమ్మీ. పైలే సునో." వేలిముద్ర తరవాత, ముందు విను అని.

ఇంకో రెండు వాక్యాలు. మళ్లీ హౌ మా, హౌ. ఆమె కాగితం బల్ల మీద పెట్టి, ముసలామె చేయి పట్టుకుని, మొదటి నుంచి మళ్లీ చదివింది. మూడోసారి చదువుతుండగా ముసలామె తల ఊపడం ఆగింది. "నక్కో మా. గల్లా పకడా బోలీ మై. మారా నై బోలీ." కాలర్ పట్టుకున్నాడన్నాను, కొట్టాడనలేదు అని. ఆమె వెంటనే లేచి జడ్జిగారి దగ్గరికి వెళ్లింది. మాట సరిదిద్దారు. ముసలామె వేలిముద్ర వేసి, చీర కొంగుతో వేలు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఇదంతా నేను చూశాను. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి సాక్షికి ఒక తలుపు ఉంటుందని, ఆ తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంటుందని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

ఇక నా వాయిదాల సంగతి. ఊరి తూర్పున బావి కింద మూడెకరాలు. మా దగ్గర చిన్నప్పటి నుంచి జీతం ఉన్న మనిషి ఆ భూమిని దున్నుకుంటున్నాడు. మా నాయన పోయిన తరవాత కూడా దున్నుకుంటూనే ఉన్నాడు. మిగతా భూములన్నీ చెయ్యి దాటిపోయాక చూసుకుంటే, పట్టాలో ఇంకా మా పేరున్నది ఆ మూడెకరాలే. నేను దావా వేశాను. అవసరం ఉండి వేశానంటే అది సగమే నిజం. మా ఇంటి పేరున్న ఆఖరి చెక్క మీద మా జీతగాడు నాగలి పట్టుకుని నిలబడటం నాకు పడలేదు.

జీతగాడి తరఫు వకీలు వయసులో చిన్నవాడు. నన్ను బోనులో నిలబెట్టి మర్యాదగానే అడిగాడు.

"మీ నాయన బావి కాడ ఇతని తువ్వాలల పిడికెడు మన్ను పోసి, గీ మూడెకరాలు ఇగ నీయే అన్నడు. అప్పుడు మీరు పక్కన్నే ఉన్నరు. అవునా?"

మా వైపు భూమి ఇచ్చేవాడు అలాగే ఇచ్చేవాడు. కాగితం ఉండేది కాదు. మన్ను పోసి మాట అనేవాడు, తీసుకున్నవాడు ఆ మూటను ఇంట్లో దూలానికి కట్టుకునేవాడు. మా వకీలు ముందే నాకు చెప్పి ఉంచాడు: ఆ మాట విన్నవాళ్లు ఎవరూ మిగల్లేదు, మీరొక్కరు ఒప్పుకుంటే మాత్రం కేసు వాళ్లది.

నేను అక్కడే ఉన్నాను. నాకు పన్నెండేళ్లు. మన్ను తడిగా ఉండి మా నాయన ఉంగరంలో ఇరుక్కుంది. చెంబుతో ఆయన చేతి మీద నీళ్లు పోసింది నేనే. జీతగాడు తువ్వాల మూట కట్టి గుండెకు ఆనించుకున్నాడు. వెళ్లిపోతూ నా బుగ్గ మీద తడి చెయ్యి పెట్టాడు.

ఇదంతా బోనులో నా కళ్లముందు నడిచింది. ఎంతసేపు నడిచిందో అప్పుడు నాకు తెలియదు.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

జడ్జిగారు ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పారు. ఆమె పెన్సిల్ కదిలింది. అంతే.

ఆ రోజూ కరెంటు పోయింది. అది వచ్చి, ఆమె టైపు చేసి పిలిచేదాకా వరండాలో కూర్చున్నాను. ఉన్నది ఒకటే బల్ల. నేను దాని మీద కూర్చున్నానని జీతగాడు కింద గచ్చు మీద కూర్చున్నాడు. నా మీద కేసు పోరాడుతున్న మనిషి నాతో సమానంగా కూర్చోవడానికి మొహమాటపడ్డాడు. "కూసో" అని నేను అనలేదు.

లోపలికి పిలిచారు. ఆమె మొదటి నుంచి చదివింది. ఊరు, వయసు, పట్టా, శిస్తు అన్నీ అయ్యాయి. ఆ వాక్యం వచ్చింది.

"మా నాయన మన్ను పోసి ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు."

అక్కడ ఆగింది. నా వైపు చూడలేదు. కాగితం వైపే చూసింది. పెన్సిల్ మొన కాగితానికి అంగుళం పైన ఆగి ఉంది.

"సరేనా సార్?"

"సరే. సంతకం ఎక్కడ?"

అయినా వెంటనే చూపించలేదు. కాసేపు ఆగి, వేలితో చోటు చూపించింది. పెట్టాను. మా ఇంట్లో సంతకం కింద రెండు గీతలు గీసే అలవాటు ఉంది. ఆ రెండూ గీశాను.

ఆ సాయంత్రం రైల్లో ఆమె ఎదుటి సీటులో ఉంది. జనం మాట్లాడుతున్నారు. ఆమె కుడిచెయ్యి ఒళ్లో పిడికిలి బిగించి ఉంది. వేలు కదల్లేదు. నేను గమనించాను గాని అలసట అనుకున్నాను. అనుకోవడం తేలిక కనుక అనుకున్నాను.

తీర్పు రోజు దగ్గరపడింది. ఈ సంగతి ఆ రైల్లో తిరిగే వాళ్లందరికీ తెలుసు: తీర్పు జడ్జిగారి నోటి నుంచి మొదట ఆమె చెవిలో పడుతుంది. రేపు ఎవరి ఇంట్లో ఏడుపో, ఎవరి ఇంట్లో నవ్వో ఈ సాయంత్రమే ఆమెకు తెలుస్తుంది. అందుకని జనం ఆమె ముఖం చదవాలని చూసేవారు. ఆమె అన్ని రోజులూ ఒకేలా టిఫిన్ డబ్బా విప్పేది, ఒకేలా మూసేది. "స్టెనో మేడం మొకం సర్కారు గోడ. రాతలుండయ్, సున్నమే" అనేవాడు పల్లీలతను.

మా వంశంలో ఎవరూ ఎవరినీ చెయ్యి చాచి అడగలేదని చెప్పుకుంటాం. నేను అడిగాను. తీర్పుకు ముందు రోజు సాయంత్రం, పక్కనెవరూ లేనిది చూసి, గొంతు తగ్గించి అడిగాను.

"రేపు మా దాంట్ల ఎట్లుంటది?"

ఆమె సంచి తీసుకుని లేచింది. "నా తాన ఉన్నది నాది గాదు సార్" అంది. కోపం లేదు. దారి అడిగినవాడికి ఇటు కాదు అటు అన్నట్టు చెప్పింది. ధారూరులో దిగి వేరే పెట్టె ఎక్కింది.

మరునాడు కేసు గెలిచాను. కోర్టు గేటు దగ్గర జీతగాడు ఎదురయ్యాడు. అతనికి తీర్పు ఎవరో విడమరచి చెబుతున్నారు. నన్ను చూసి, అలవాటు కొద్దీ రెండు చేతులు ఎత్తాడు.

"సల్లగుండు దొరా."

చాలా రోజుల తరవాత ఆ మాట విన్నాను. ఆ క్షణం నాకు సంతోషమే కలిగింది. దాచను.

తరవాత ఏళ్లు గడిచాయి. ఆ మూడెకరాలు కౌలుకిచ్చాను. కంది పండుతోంది. నేను తాండూరులో బండలు కొలిచే పనిలో కుదురుకున్నాను. ఆమె రిటైరై ఇంటి వసారాలో ఒక బల్ల వేసుకుని, అడిగినవాళ్లకు దరఖాస్తులు రాసి పెడుతోందని విన్నాను. మా యూనిట్ నుంచి ఒక అర్జీ రాయించాల్సి వచ్చి, మొన్న ఎండాకాలంలో మొదటిసారి ఆమె ఇంటికి వెళ్లాను.

"కూసోండ్రి సార్, జాగ ఉంది" అంది. ఆ రైలు మాటే. ఈసారి కూర్చున్నాను.

నేను చెబుతున్నాను, ఆమె రాసుకుంటోంది. మధ్యలో ఒక మాట తట్టక ఆగాను. ఆమె పెన్సిల్ ఆగలేదు. గీత పక్కన ఒక చుక్క పెట్టింది. ఇంకో చుక్క.

"నేనేమీ చెప్పలేదు గదా. ఏం రాస్తున్నవు?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "పాత అలవాటు సార్. మనిషి ఆగితే ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్క చుక్క. టైపుల రాదది. జడ్జిగారు జెప్పరు, నేను కొట్ట. ఊకె నా పుస్తకంల ఉంటది."

"సాక్షులకు గూడ పెట్టేదానివా?"

"అందరికి."

అడగకుండా ఉండాల్సింది. "నాకెన్ని పెట్టినవు?"

ఆమె వెతుక్కోలేదు. "తొమ్మిది" అంది.

వసారా ముందు నుంచి బండల లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము పడకుండా ఆమె కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ పుస్తకం ఉన్నదా?"

"పుస్తకాలు ఆఫీసులనే ఇచ్చి వచ్చిన. ఇది యాదిల ఉన్నది. తొమ్మిది దాక ఎవ్వరు ఆగలె సార్, మీ ముంగట గాని, మీ తర్వాత గాని." పెన్సిల్ బల్ల మీద పెట్టింది. "ఆ దినం మా అమ్మ బావి పక్క చెలకల కలుపు తీస్తుండె. ఇంటికొచ్చి చెప్పింది, దొర మన్ను పోసిండు, చిన్నదొర నీళ్లు పోసిండు అని. మీ కేసు వచ్చేటాళ్లకు అమ్మ లేదు."

అంటే, నా మాట రాసుకుంటున్నప్పుడే అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఆమె చేత్తోనే దాన్ని టైపు చేసింది, చదివి వినిపించింది, సంతకానికి చోటు చూపించింది.

"మరి మీరు అప్పుడే జడ్జిగారికి ఒక మాట..." అన్నాను. ఆమెను మీరు అనడం అదే మొదటిసారి.

"నాకు తెల్సింది రాసే కుర్చీ గాదు సార్ అది. మీరు జెప్పింది రాసే కుర్చీ. నాకు తెల్సింది రాసుడు షురు జేస్తే, ఆ గాజులామె మాట ఎవరు రాస్తరు?" పెన్సిల్ మళ్లీ చేతిలోకి తీసుకుని, నాతో కాదన్నట్టు అంది. "ఇంకో పారి అడుగుదామనుకున్న. సరేనా సార్ అని. రెండు పార్లు అడుగుడు రివాజు లేదు."

గాజులామెకు మూడుసార్లు చదివిన మనిషి. కాని ఆ ముసలామెకు అర్థం కాక చదివింది. నాకు అర్థమయ్యే ఉందని ఆమెకు తెలుసు.

అర్జీ తీసుకుని వచ్చేశాను. వానలు పడ్డాక ఒక ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చి ఉంది. తెల్లచీర. చేతిలోని బైబిలును గూట్లో పెట్టి, గీతల పుస్తకం తీసింది. ఏం రాయాలని అడగలేదు. నేను చెప్పాను. బావి, తడి మన్ను, ఉంగరం, తువ్వాల, చెంబు నీళ్లు. మా నాయన అన్న మాట. కోర్టులో నేనన్న మాట. ఆ భూమి జీతగాడికి రాసిస్తానన్న మాట. ఒక్క పేజీ పట్టింది. రాస్తున్నంతసేపూ ఆమె ముఖం సర్కారు గోడలాగే ఉంది. ఆఖర్న మాత్రం పెన్సిల్ పెట్టి రెండు చేతులతో ముఖం తుడుచుకుంది.

"చదివి వినిపిస్త, ఇనండ్రి. మీరు సరే అంటేనే టైపు."

నేను లేచి నిలబడ్డాను. "రేపు వస్త" అన్నాను.

"ఇప్పుడే అయితది సార్. ఒక్క పేజే."

"రేపు."

ఆమె పుస్తకానికి ఎర్ర రబ్బరు వేసింది. "మంచిది. రేపు రండ్రి" అంది.

వెళ్లలేదు. చెప్పడం వరకు బాగానే ఉంది. నా మాట ఇంకొకరి నోట నాకే వినిపిస్తుంటే, సరే అని తల ఊపి సంతకం పెట్టడం నా వల్ల కాలేదు. ఆ కాగితం ఊళ్లోకి వెళుతుంది. మండలాఫీసులో ఎవరో పైకి చదువుతారు. మా నాయన ఇచ్చిన మాటను ఆయన కొడుకు మింగాడని, ఆ కొడుకే చెప్పాడని అంటారు. మరునాడు కాకపోతే మరో ఆదివారం అనుకున్నాను. తరవాత ఆమె ఇంటి వీధి తప్పించి, చుట్టు తిరిగి యూనిట్‌కు పోవడం మొదలుపెట్టాను. అలా నాలుగు నెలలు తిరిగాను. ఆ చుట్టు దారిలోనే ఉండగా ఆమె పోయింది.

మూడోనాడు నేను వెళ్లేసరికి వసారాలో కుర్చీలు వేసి ఉన్నాయి. ప్రార్థన అయిపోయి జనం వెళ్లిపోతున్నారు. పేరు చెప్పగానే నేనెవరో ఆమె బిడ్డకు అర్థమైంది. కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తుంది. తల్లి నుదురు, తల్లి గొంతు.

"ఊపిరితిత్తులల నిమ్ము సార్. వారం దినాలు దవాఖానల ఉన్నది. మీరు వచ్చిన్రా అని రెండు మూడు పార్లు అడిగింది. మీరెవ్వరో మాకు తెల్వదాయె. ఆ సార్ వస్తడు, వచ్చినాడు చదివి వినిపియ్యాలె, పుస్తకం ముట్టకుండ్రి అన్నది."

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. ఎర్ర రబ్బరు తీసి ఆ పేజీ విప్పింది. పైన తెలుగులో నా పేరు, గారు అని కూడా రాసి ఉంది. పేజీ నిండా గీతలు. ఎండిన పొలంలో పిట్టల కాళ్ల గుర్తుల్లా ఉన్నాయి. అడుగున మళ్లీ తెలుగు అక్షరాలు: చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నాను. దాని కింద సంతకానికి వదిలిన చోటు. రెండు గీతలకు కూడా సరిపోయేంత.

"నాకు షార్ట్‌హ్యాండు రాదు సార్" అందా పిల్ల. "అమ్మ నేర్పుతనన్నది, నేనే నేర్వలె. దీన్ని చదివేటోళ్లు ఇప్పుడు తాండూరుల ఎవ్వరు లేరు. ఇందుల ఏమున్నదో మీకు ఎరుకనా?"

లేదు అనవచ్చు. ఆ మాట నాకు అలవాటే. ఆ పేజీ చదవగలిగిన ఒక్క మనిషిని మూడు రోజుల కింద మట్టిలో పెట్టారు. ఆ పుస్తకాన్ని అక్కడే మూసేస్తే, నేను జీవితంలో ఒకసారి చెప్పిన నిజం ఇక ఎవరికీ తెలియదు. నవాబుపేట పక్కన మా ఊళ్లో జీతగాడు ఇంకా ఉన్నాడు. చూపు మందగించిందట. దూలానికి ఆ మూట ఇంకా వేలాడుతోందట.

"ఎరుకే" అన్నాను. "కంప్యూటర్ పెట్టుకో బిడ్డా. మళ్ల చెప్త."

"కూసోండ్రి సార్."

"లేదు. ఇది నిలబడి చెప్పేది."

చెప్పాను. ఆమె బిడ్డ వేళ్లు చకచకా కదిలాయి. మధ్యలో ఒకసారి ఆగి నా ముఖం చూసి, మళ్లీ కొట్టింది. అయ్యాక నేను అడిగాను, చదివి వినిపించమని. చదివింది. తల్లి చదివినట్టే నెమ్మదిగా చదివింది, అయితే ఏ వాక్యం దగ్గరా ఆగలేదు. సరే అన్నాను. సంతకం పెట్టాను. కింద గీతలు గీయలేదు.

ఆ కాగితం ఇప్పుడు నా సంచిలో ఉంది. పొద్దున బస్సుకు నవాబుపేట పోతున్నాను. మనిషిని పంపడం లేదు.

ఒక్కటి మిగిలింది. ఆ పిల్లకు తల్లి అలవాటు తెలియదు. నేను ఆగిన చోట కంప్యూటర్‌లో ఏమీ పడలేదు, కాగితం చూస్తే తడబడకుండా చెప్పినట్టే ఉంటుంది. ఆమె ఉంటే అలా పోనిచ్చేది కాదు. అందుకని నేనే రాస్తున్నాను. చెంబుతో నీళ్లు పోశానన్న చోట నాలుగు ఊపిర్లు ఆగాను.